సహాన మధ్యలో నిశ్శబ్దం

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా నేను సింగ్ నగర్‌లో, వెంకటసుబ్బారావు మాస్టారి ఇంట్లో ఉండేదాన్ని. ఐదేళ్ళుగా అదే అలవాటు. పటమటలో మా చర్చిలో మొదటి ఆరాధన కాగానే ఆటో ఎక్కేసేదాన్ని. "ప్రసంగం కంటే ఆ కచేరీలే నీకు ఎక్కువైపోయాయి స్టెల్లా" అని మా వదిన దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

మాస్టారు లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక, అక్కగారు రావమ్మ గారితో మేడ మీద వాటాలో ఉండేవారు. మా జట్టులో మూడో మనిషి ఉషశ్రీ, మొగల్రాజపురంలో పిల్లలకి వీణ చెబుతుంది. ముగ్గురికీ పాత రికార్డింగుల పిచ్చి. వారానికో రాగం అనుకునేవాళ్ళం. ఆ రాగంలో ఎవరికి నచ్చిన రికార్డింగు వాళ్ళు తేవాలి. వినేటప్పుడు నోరెత్తకూడదు. విన్నాక ఎంతసేపు పోట్లాడుకున్నా ఫర్వాలేదు. తోడిలో గాంధారాన్ని ఎంత ఊపాలన్న దాని మీద మాస్టారూ ఉషశ్రీ ఒకసారి పది రోజులు మాట్లాడుకోలేదు.

రావమ్మ గారికి చెవులు పూర్తిగా పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మిషను పెట్టినా లాభం లేకపోయింది. మాకు పెసరట్లు తెచ్చిపెట్టి, మా ముఖాలు చూసి, "ఇవాళ బాగా పాడినట్టున్నారు" అని వెళ్ళిపోయేవారు.

నాకు ఈ పిచ్చి నాన్న నుంచి వచ్చింది. మా నాన్న సొలొమోనుకి పామర్రులో మైకు సెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ, సువార్త కూటాలకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ ఆయనే. ఆంప్లిఫయరు పక్కన గోనెసంచి మీద కూర్చుని నేను పాట వినడం నేర్చుకున్నాను. అది ఏ రాగమో తెలిసేసరికి నర్సు ఉద్యోగంలో చేరి పదేళ్ళయింది. నాన్న తను మైకు పెట్టిన ప్రతి కచేరీనీ కేసెట్టులో పట్టుకునేవాడు. ముసలితనంలో వాటినే ఒకటి తర్వాత ఒకటి వేసుకుని వింటూ ఆఖరి రోజులు గడిపాడు.

వరద వచ్చిన ఏడాది ఆగస్టులో అన్నయ్య ఇల్లు బాగుచేయిస్తూ నాన్న ట్రంకుపెట్టె నాకు పంపించాడు. అందులో కేసెట్లన్నీ నేను ఎరిగినవే, ఒక్కటి తప్ప. అది చేతిరుమాల్లో చుట్టి, దారంతో గట్టిగా కట్టి, బట్టల అడుగున ఉంది. మీద నాన్న చేతిరాత. "మాణిక్యం గారు. నవమి పందిరి. 1987."

మాస్టారికి ఫోనులో చెప్పాను. 

"ఆ పందిట్లో నేనున్నాను స్టెల్లా గారూ," అన్నారు ఆయన. "నా దగ్గరున్నది ఆ కచేరీయే. రెండో వరసలో కూర్చుని నేను పట్టింది. మైకు పెట్టింది మీ నాన్నగారని నాకు తెలీదు."

ఆ కచేరీ మాకు బాగా తెలుసు. మాస్టారు నాలుగుసార్లు వినిపించారు. మాణిక్యం గారిది బందరు దగ్గర ఏదో పల్లె. రేడియోలో పాడలేదు, రికార్డులివ్వలేదు. అప్పటిదాకా మాకు తెలిసి మిగిలింది మాస్టారి కేసెట్టు ఒక్కటే. అందులో ఆవిడ సహాన రాగం ఆలాపన చేస్తూ చేస్తూ, మధ్యలో ఒకచోట ఆగిపోతుంది. ఏమీ వినపడదు. మళ్ళీ నిషాదం మీద ఎత్తుకుంటుంది. ఆ చోటు రాగానే మాస్టారు కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచి లెక్కపెట్టేవారు.

"తొమ్మిది సెకన్లు. ఇలా ఆగే ధైర్యం ఎవరికుందమ్మా? నా దృష్టిలో సంగీతం అంటే ఆ తొమ్మిది సెకన్లే."

అందుకని ఆ వారం సహాన అనుకున్నాం. ఒకే కచేరీ, రెండు రికార్డింగులు, ఒకటి వినేవాళ్ళ మధ్య నుంచి, ఒకటి మైకు నుంచి. పోల్చి చూడాలని మాస్టారు చిన్నపిల్లాడిలా ఎదురుచూశారు.

శనివారమంతా కుండపోత వాన. ఆదివారం పొద్దున ఉషశ్రీ ఫోను చేసి, వాళ్ళింటి వెనక కొండ మీద నుంచి రాళ్ళు పడుతున్నాయట, రాలేను అంది. నేను వెళ్ళాను. సింగ్ నగర్ మలుపు దగ్గర ఆటో అతను ఇక ముందుకి రానన్నాడు. చీలమండ దాకా నీళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. వాన నీళ్ళే కదా అనుకున్నాను.

పదిన్నరకి రావమ్మ గారు కిటికీలోంచి చూసి, "ఒరేయ్, బుడమేరు వాగు పొంగినట్టుంది, చూడు" అన్నారు. వీధిలో నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ వస్తున్నాయి. మా కళ్ళ ముందే కింద వాటా గుమ్మం మునిగింది. అద్దెకున్న వాళ్ళు శుక్రవారమే ఊరెళ్ళారు. పదకొండుకి కరెంటు పోయింది. పన్నెండింటికి నీళ్ళు నడుము దాటాయి. నేను ఇంటికి ఎలా వెళ్ళాలా అని చూస్తున్నాను. మాస్టారు మాత్రం రేడియో టేపురికార్డరు టూ-ఇన్-వన్‌లో పెద్ద సెల్లులు నాలుగు వేస్తున్నారు.

"ఎలాగూ కదలలేం కదమ్మా," అన్నారు. "విందాం."

ముందు నాన్న కేసెట్టు పెట్టాం.

గొంతు ఎంత దగ్గరగా ఉందంటే, నా చెంప పక్కన ఊపిరి తగిలినట్టయింది. మాస్టారు కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏడేళ్ళుగా దూరం నుంచి విన్న మనిషిని మొదటిసారి ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ముందుకి వంగి వింటున్నారు. సహాన మొదలైంది. మెల్లగా పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, దిగుతూ... ఆ చోటు వచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకుని వేలు మడిచారు.

అక్కడ నిశ్శబ్దం లేదు.

"బాబూ," అంది ఆవిడ, పాట గొంతుతో కాదు, ఎండిపోయిన గొంతుతో. "కాసిని నీళ్ళు ఇప్పించండి. చెంబులో లేవు." ఒక ఊపిరి. "ఎవరైనా... కాసిని..."

ఆ తర్వాత నిషాదం.

మాస్టారి వేలు సగం మడిచి అలాగే ఉండిపోయింది. నేను టేపు ఆపాను. కింద వీధిలో ఎవరిదో గ్యాసు సిలిండరు గోడలకి కొట్టుకుంటూ తేలిపోతున్న చప్పుడు.

నాకు అర్థమైంది. పాడేవాళ్ళు దగ్గినా, గొంతు సవరించుకున్నా నాన్న వెంటనే హారన్ స్పీకర్ల వాల్యూం తగ్గించేవాడు, పందిట్లో వాళ్ళకి వినపడకూడదని. అది ఆయన పనితనం. రికార్డింగు లైను మాత్రం వేరుగా ఉండేది. పందిరంతా విన్నది నిశ్శబ్దం. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకున్న నాన్న ఒక్కడే ఆ మాట విన్నాడు. విని, అలవాటు ప్రకారం తగ్గించాడు. ఎవరో ఒకరు ఇస్తారులే అనుకుని ఉంటాడు. ఎవరూ ఇచ్చినట్టు లేదు, అందుకే ఆ కేసెట్టుని రుమాల్లో కట్టేశాడు.

"మాస్టారూ," అన్నాను, "ఆవిడ ఆ తర్వాత..."

"ఇంకో ఇరవై నిమిషాలు పాడింది. మంగళం పాడుతూ పక్కకి ఒరిగిపోయింది. తెల్లారేసరికి లేదు. వడదెబ్బ అన్నారు." ఆయన నా వంక చూడటం లేదు. "నాకు మాట వినపడలేదు స్టెల్లా గారూ. కానీ పెదాలు కదలడం చూశాను. చెయ్యి ఇలా పెట్టి నా వంకే చూసింది. నా కాళ్ళ దగ్గర నీళ్ళ మరచెంబు ఉంది. నిండుగా ఉంది."

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

"లేచి వెళితే కుర్చీ కిర్రుమంటుంది. రికార్డింగు పాడవుతుంది. అందుకని నేను... పాడమని చెయ్యి ఊపాను."

 మాస్టారు మా నాన్న కేసెట్టు తీసేసి తన కేసెట్టు పెట్టారు. 

"ఇందులో లేదు కదమ్మా. నా దాంట్లో లేదు. ఒక్కసారి..."

వద్దంటే బాగుండేది. అనలేదు.

దూరంగా గొంతు. పందిట్లో దగ్గులు, పిల్లల ఏడుపు, విసనకర్రల చప్పుడు. సహాన. ఆ చోటు. నిశ్శబ్దం.

మాస్టారు వేళ్ళు మడుస్తున్నారు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పాట ఎత్తుకోలేదు. పది. పదిహేను. దగ్గులు లేవు. పిల్లలు లేరు. విసనకర్రలు ఆగిపోయాయి. పందిరి మొత్తం లేచి వెళ్ళిపోయినట్టు ఉంది. టేపు మాత్రం తిరుగుతోంది. ముప్పై...

"రెండో వరసలో బాబూ."

మైకులోంచి కాదు. రికార్డరు పెట్టిన చోటికి ఎవరో వచ్చి, వంగి చెప్పినట్టు.

"మీ కాళ్ళ దగ్గర ఉన్నాయిగా."

మాస్టారు బటను నొక్కలేదు, రికార్డరుని రెండు చేతులతో నేలకేసి కొట్టారు. సెల్లులు దొర్లిపోయాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. 

అప్పుడు వంటింట్లోంచి రావమ్మ గారు వచ్చారు. చేతిలో గ్లాసుతో నీళ్ళు.

"ఇందాకట్నుంచి ఎవరో ఆడమనిషి నీళ్ళు అడుగుతుంటే అలా కూర్చుంటారేమిట్రా?" అన్నారు. "వినపడటం లేదా?"

మాస్టారు ఆవిడ చేతిలోంచి గ్లాసు లాక్కుని గటగటా తాగేశారు.

ఇంకోటి అడిగారు. తాగారు. ఇంకోటి. భయంతో నోరెండిందనుకున్నాను. మూడింటికల్లా చెంబుతో తాగుతున్నారు. ఇంట్లో ఉన్నది ఇరవై లీటర్ల టిన్ను ఒక్కటే, అదీ సగం. కుళాయి రావడం లేదు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు, తాగడానికి మాకున్నవి ఆ కాసిని.

"మాస్టారూ, కొంచెం ఆగండి. రేపటికి ఉండాలి," అన్నాను.

"ఉండాలమ్మా," అన్నారు. అని మళ్ళీ వంచుకున్నారు.

ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో చేశాను. ఎండిపోతున్న మనిషి ఎలా ఉంటాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి ఆయన నాలుక బెరడులా అయింది. పెదాలు పగిలాయి. చేతి మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే అలాగే నిలబడిపోయింది. అప్పటికి ఎనిమిది లీటర్లు తాగారు. ఒక్కసారి కూడా బాత్రూముకి లేవలేదు. ఉప్పు, పంచదార కలిపి ఇచ్చాను. తాగారు. నీళ్ళు ఆయన గొంతులోకి పోతున్నాయి. అక్కడి నుంచి ఎటు పోతున్నాయో తెలీదు.

ఒక్క సెలైను సీసా ఉంటే చాలని ఏడుపొచ్చింది. ఫోను ఎవరికీ కలవలేదు. డాబా ఎక్కి అరిచాను. అన్ని డాబాల మీదా జనం, అందరూ చీరలూ తువ్వాళ్ళూ ఊపుతున్నారు. రెండు వీధుల అవతల పెద్ద రోడ్డు మీద పడవ ఒకటి వెళుతూ కనిపించింది. అది మా వైపు తిరగలేదు. నా గొంతు అన్ని గొంతుల్లో కలిసిపోయింది. పందిట్లో ఆవిడ గొంతు కూడా ఇలాగే పోయిందని అప్పుడు తట్టింది. మెట్ల మీద కూలబడ్డాను.

కిందకి వచ్చేసరికి టిన్ను పక్కకి పడి ఉంది. ఖాళీ. రావమ్మ గారు తమ్ముడి చొక్కా పట్టుకుని వేలాడుతున్నారు. ఆయన మెట్ల వైపు లాగుతున్నారు. కింద, పైనుంచి నాలుగో మెట్టు దగ్గర ఎర్రటి నీళ్ళు ఆడుతున్నాయి. డీజిలు, మురుగు, చచ్చిన కోళ్ళ కంపు.

ఇద్దరం పట్టుకున్నాం. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒంట్లో తడి లేని మనిషి, మా ఇద్దరినీ ఈడ్చుకుంటూ దిగారు. మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో ఆ నీళ్ళు తాగడం మొదలుపెట్టారు.

"అవి తాగకండి మాస్టారూ. చచ్చిపోతారు."

తల తిప్పి నా వైపు చూశారు. కళ్ళు లోపలికి పోయాయి. అయినా ఆ చూపులో మతి ఉంది. అది నేను మర్చిపోలేను. ఆయనకి అంతా తెలుస్తోంది.

"నాక్కాదమ్మా," అన్నారు, మాట గరగరమంటూ. "నాకు ఎప్పుడో చాలు. ఆవిడకే... ఎంత తాగినా ఆవిడకి చాలడం లేదు."

మోకాళ్ళ మీదే ఇంకో రెండు మెట్లు దిగారు. నీళ్ళు నడుముకి వచ్చాయి. నేను ఆయన ముంజేయి పట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకున్నాను. నాకు ఈత రాదు. ఇంకో రెండు మెట్లు. నా చేతిలో ఆయన చెయ్యి ఎండుటాకుల కట్టలా ఉంది. నోరు నీళ్ళ మట్టానికి వచ్చింది. తాగుతున్న చప్పుడు. గుటక తర్వాత గుటక... ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు.

వెలుగు పోతోంది. నేను ఏసయ్యా, ఏసయ్యా అంటున్నాను. రావమ్మ గారు వెనక నుంచి నా నడుం పట్టుకున్నారు.

నీళ్ళ అడుగు నుంచి ఎవరో ఆయన్ని మెల్లగా, మర్యాదగా లాగినట్టు చెయ్యి జారింది. లాక్కున్నట్టు కాదు. ఇలా రండి బాబూ అన్నట్టు.

తల మునిగింది. బుడగ ఒక్కటి కూడా పైకి రాలేదు.

చీకటి పడేదాకా ఆ మెట్ల మీదే ఉన్నాం. కర్రతో వెతికాను. తడిమాను. కంపు నీళ్ళలో భుజం దాకా చెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. మెడలో దండలా స్టెతస్కోపు వేసుకుని అంతమందిని బతికించానని గొప్ప పడ్డదాన్ని, ఆ రాత్రంతా ఒక ముసలావిడని ఒళ్ళో పెట్టుకుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం పడవ వాళ్ళు వచ్చి మా ఇద్దరినీ దింపారు. నీళ్ళు తగ్గాక, మూడో రోజున, మాస్టారు మెట్ల అడుగునే దొరికారు. కర్రతో నేను వెతికిన చోటే. శవాన్ని చూసిన డాక్టరు నాకు తెలిసినవాడు, నన్ను పక్కకి పిలిచాడు.

"సిస్టర్, ఈయన మునిగి చనిపోలేదు," అన్నాడు. "ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు. అసలు ఒంట్లోనే లేవు. వారం రోజులు ఎండలో నీళ్ళు లేకుండా పడి ఉన్న మనిషిలా ఉన్నాడు. ఎక్కడ దొరికాడన్నారు?"

చెప్పాను. అతను కాగితం మీద ఏమీ రాయకుండా పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

రావమ్మ గారిని మంగళగిరిలో వాళ్ళ మేనకోడలు తీసుకెళ్ళింది. ఆవిడకి మళ్ళీ ఏ చప్పుడూ వినపడలేదు. రెండు కేసెట్ల టేపూ నేనే బయటికి లాగి కాల్చేశాను. కాలుతున్నప్పుడు నాన్న మీద కోపం రావాలనుకున్నాను. రాలేదు. ఆయన కూడా పోయేదాకా ఆ తొమ్మిది సెకన్లు మనసులో వింటూనే ఉన్నాడు.

రికార్డింగులు వినడం మానేశాను. ఉషశ్రీ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

పోయిన నెల, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే ఫోను వచ్చింది. హనుమాన్ జంక్షన్ నుంచి దుర్గాప్రసాద్ అట. టైర్ల షాపు ఉందట. రికార్డింగులు పంచుకునే గ్రూపులో ఉషశ్రీ మాస్టారి గురించి రాసింది చూసి, నా నంబరు తీసుకున్నాడట.

"మాణిక్యం గారి కచేరీ మా అమ్మ కూడా పట్టిందండి," అన్నాడు. "ఆడవాళ్ళ వైపు కూర్చుని. పదేళ్ళుగా వింటున్నాను. సహానలో ఒకచోట ఆగుతుంది చూడండి, తొమ్మిది సెకన్లు..."

"బాబూ, అది కాల్చేయండి," అన్నాను.

"అది కాదండి, వినండి. ఇదివరకు అక్కడ ఏమీ ఉండేది కాదు. ఇప్పుడేమో అక్కడ ఒక పెద్దాయన, 'ఇదుగోనమ్మా' అంటున్నాడు. తర్వాత నీళ్ళు పోస్తున్న చప్పుడు. చాలా ప్రేమగా అంటున్నాడండి. నాకు ఏడుపొచ్చింది."

ఫోను చెవి నుంచి తీయలేకపోయాను. మాస్టారు ఇచ్చారు. చివరికి ఇచ్చారు. కళ్ళు తుడుచుకున్నాను.

"ఒక సంగతి అర్థం కావడం లేదండి," అన్నాడతను. "పోయడం ఆగి, ఆవిడ తాగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ తర్వాత ఆయన ఇంకో గ్లాసులో పోయడం మొదలుపెడతాడు. వేరే గ్లాసే. చప్పుడు తేడాగా ఉంది. ఆవిడ తాగుతూనే ఉంది, కాబట్టి ఇది ఆవిడకి కాదు. ఆ రెండోది ఎవరికండీ?"

 అతను ఫోను రికార్డరు దగ్గర పెట్టాడు.

నాలుక పిడచగట్టి నేను ఫోను పెట్టేసేటప్పటికి రెండో గ్లాసు ఇంకా నిండలేదు.